పిడి ఎవరి వైపు

జూలై 9

పిన్నికి,

ఈ ఉదయం నేను తలుపు నెట్టేసరికి జగ్గు పిడి కిటికీ వైపు ఉంది. నిన్న సాయంత్రం గుమ్మం వైపు ఉంది. బల్ల మీద జగ్గు చుట్టూ సుద్దతో నేను గీసిన గుండ్రం అలాగే ఉంది. పిడికి గుర్తుగా గీసిన చిన్న గీత మాత్రం ఒంటరిగా గుమ్మాన్ని చూస్తోంది.

ఇదీ ఒక సంగతేనా అని నవ్వకు. ఈ బడిలో నా పాఠమంతా ఆ జగ్గే. మూడో తరగతి పిల్లలకు రోజూ మొదటి పీరియడు బొమ్మలు నాది. గది మధ్యలో బల్ల, బల్ల మీద జగ్గు, చుట్టూ కుర్చీలు. ఎవరి కుర్చీ వాళ్ళది, మార్చకూడదు. మా కాన్వెంటులో సిస్టరు మా చేత ఒక్క సీసాను నెలంతా గీయించింది గుర్తుందా? నువ్వు "ఆ సీసాలో ఏముందో కనుక్కున్నారా చివరికి" అని ఎగతాళి చేసేదానివి. నేనూ అదే దారి పట్టాను. తెల్ల పింగాణీ జగ్గు. ముక్కు లేదు, పిడి ఒక్కటే. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో కొలిచి గీయాలి. నేను చెప్పిన నియమం ఒక్కటే: కంటికి కనిపించేదే గీయాలి, తెలిసినది గీయకూడదు. పిడి వెనకవైపు కూర్చున్న పిల్లకు పిడి కనపడదు కాబట్టి ఆ పిల్ల బొమ్మలో పిడి ఉండకూడదు. మోడలును ఎవరూ ముట్టుకోకూడదని కూడా చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది.

శుక్రవారాలు పాతకాలపు బొమ్మల చరిత్ర చెబుతున్నాను. మొన్న ఈజిప్టు సమాధుల గోడల మీది బొమ్మ చూపించాను. ముఖం పక్కనుంచి, కన్ను ఎదురుగా, భుజాలు ఎదురుగా, పాదాలు మళ్ళీ పక్కనుంచి. పిల్లలు పడీపడీ నవ్వారు. లేచి అలా నిలబడబోయి ఇద్దరు కింద పడ్డారు. మనిషిలో ఏదీ వదిలిపోకూడదని వాళ్ళు అలా వేశారని చెప్పాను. ఆ తర్వాత చాలాసేపు గది నిశ్శబ్దంగా ఉంది. పాఠం అందిందని సంతోషించాను.

జగ్గు సంగతి పిల్లలను అడిగితే అందరూ తలలు అడ్డంగా ఊపారు. ఊడ్చే ఆవిడను అడిగాను. "ఆ బల్ల జోలికి నేను పోనమ్మా. సుద్ద గీతలు చూస్తే ఎవరో మంత్రం వేసినట్టుంటుంది" అంది. ఇక గది తాళంచెవులు రెండు. ఒకటి పెద్ద టీచరు గారి దగ్గర ఉంటుంది. రెండోది పాటల టీచరు దగ్గర. నేను రాకముందు అది పాటల గది. ఇప్పుడు ఆవిడ వరండాలో పాటలు చెబుతోంది, హార్మోనియం మాత్రం నా గది బీరువాలోనే ఉంటుంది. రోజూ పొద్దున్నే తలుపు తీసి పెట్టె బయటికి తెచ్చుకునేది ఆవిడే.

ఆగస్టులో కమిటీ వాళ్ళు వచ్చి రెండు క్లాసులూ చూస్తారట. పాటలూ బొమ్మల్లో వచ్చే ఏడాదికి ఒక్కటే ఉంచుతారట. నేను ఎవరినీ ఏమీ అనడం లేదు.

నీ మోకాలు ఎలా ఉంది?

నీ
అమ్మడు


జూలై 13

అమ్మడూ,

"నేను ఎవరినీ ఏమీ అనడం లేదు" అని రాశావంటే అనేశావన్నమాట. పైకి రాకుండా గొంతులో పెట్టుకున్నావు. చిన్నప్పుడు చేదు మాత్ర కూడా అలాగే బుగ్గన దాచేదానివి.

మోకాలికేం, నాకంటే ముందే లేచి కూర్చుంటోంది. పార్సిలాఫీసులో మొన్న ఒక పెట్టె టిక్కుటిక్కుమంటే అందరూ వీధిలోకి పరుగెత్తారు. నేను పరుగెత్తలేక అక్కడే ఉండి విప్పాను. అలారం గడియారం. ఇప్పుడు నాకు ధైర్యవంతురాలని పేరు.

నీ విషయానికి వద్దాం. జగ్గు తనంతట తాను తిరగదు. పిల్లలు తిప్పితే ఒకరోజు తిప్పుతారు, నవ్వుతారు, అయిపోతుంది. గుండ్రం చెరగకుండా, నెమ్మదిగా, పిడి ఒక్కటే తిప్పారంటే అది ఓపిక ఉన్న పెద్దవాళ్ళ పని. కమిటీ వచ్చేనాటికి నీ పిల్లల కాగితాలన్నీ చెరిపీ చెరిపీ మసిబారి ఉండాలని ఎవరికి ఉంటుందో నువ్వే రాశావు. గది పోయిన ఆవిడ, తాళం ఉన్న ఆవిడ, పొద్దున్నే వచ్చే ఆవిడ. ముగ్గురూ ఒక్కరే.

అలాగని ఊరికే అనేయకూడదు. ఒక పని చెయ్యి. పిడికి ఒక దారం కట్టి బల్ల అంచున మేకుకు ముడి వెయ్యి. నీకు నేర్పిన పార్సిలు ముడి వెయ్యి. జగ్గు తిప్పాలంటే దారం విప్పాలి. విప్పినవాళ్ళు మళ్ళీ కట్టకపోతే దొరికిపోతామని కడతారు. కట్టేటప్పుడు తమ ముడి తాము వేస్తారు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, మనిషి దస్తూరీ మార్చగలడు గాని ముడి మార్చలేడు. ఆ ముడి బొమ్మ గీసి నాకు పంపు. బొమ్మల టీచరువి కదా, ఆ మాత్రం గీయి.

వేళకు తిను. పుస్తకం ముందు పెట్టుకుని తింటే తిన్నట్టు కాదు.

పిన్ని


జూలై 18

పిన్నికి,

రోజూ సాయంత్రం నేను పిడిని గీతకు తిప్పి వెళ్ళినా పొద్దుటికి ఇంకోవైపే ఉంటూ వచ్చింది. నువ్వు చెప్పినట్టే దారం కట్టాను. రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు పొద్దున పిడి నల్లబల్ల వైపు తిరిగి ఉంది. దారం మళ్ళీ కట్టి ఉంది. నా ముడి కాదు. కింద గీశాను చూడు. రెండు చెవులు, రెండు తోకలు. చెవులు రెండూ సమానంగా ఉన్నాయి. చాలా శ్రద్ధగా కట్టారు.

పిల్లలు ఆ దారాన్ని కూడా బొమ్మల్లో వేశారు. కంటికి కనిపించింది కదా, నేను కాదనలేకపోయాను.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం కాగితాలన్నీ నేల మీద పరిచి చూశాను. జగ్గు పొట్ట, మెడ, నీడ, ఎవరి కుర్చీ నుంచి చూస్తే ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. కిటికీ పక్క పిల్లల బొమ్మల్లో నీడ ఒకవైపు, ఎదుటి వాళ్ళ బొమ్మల్లో ఇంకోవైపు. అంత బాగా చూస్తారని నేను అనుకోలేదు. కానీ పిడి దగ్గరికి వచ్చేసరికి తేడా. ఎదురుబొదురు కూర్చున్న పిల్లల బొమ్మల్లో కూడా పిడి కుడివైపే, ఒకే చోట ఉంది. వెనక కూర్చుని పిడి కనపడని వాళ్ళూ పిడి వేసేశారు. అందరూ కాదు. సగం మంది. రోజుకు ఇద్దరు ముగ్గురు చొప్పున వేస్తూ వస్తున్నారు. నా నియమం ఒక్కటే కదా పిన్నీ. దాన్నే ఎవరో వెనకనుంచి విరుస్తున్నారు.

రెండు జడల పిల్ల ఒకతి ఉంది. ఎప్పుడూ గోడవైపు మూల కుర్చీ. మొదటి వారం ఆ పిల్ల పిడి లేకుండా వేసింది. నియమం పాటించిందని నేను అందరికీ చూపించాను. ఇంటికి తీసుకెళ్తే వాళ్ళ నాన్న "ఇది జగ్గా, గుమ్మడికాయా?" అన్నాడట. క్లాసులో పిల్లలు ఆ పిల్లను రెండు రోజులు గుమ్మడికాయ అని పిలిచారు. నేను ఆపాను. ఆ పిల్లనే అడిగాను, పొద్దున్నే ఈ గదిలోకి ఎవరు వస్తారని. చాలాసేపు చెప్పులకేసి చూసి, "పాటల టీచరు తలుపు తీస్తారు టీచర్" అంది. నేను ఇంకేమీ అడగలేదు. చాలనిపించింది.

ఆవిడ కనిపించినప్పుడల్లా నవ్వుతుంది. ఆ నవ్వు నాకు ముందు బాగానే ఉండేది. ఇప్పుడు ఆవిడ ఎందుకు నవ్వుతోందా అని చూస్తున్నాను. నేను చదివే పుస్తకం పేరు అడిగింది మొన్న. నేను అట్ట కనపడకుండా తిప్పి పట్టుకున్నాను.

అమ్మడు


జూలై 22

అమ్మడూ,

నీ ముడి బొమ్మ అందింది. ఆఫీసులో నలుగురికి చూపించాను. ఎక్కడిదని అడిగితే కేసు విచారణలో ఉందని చెప్పాను.

ఇది పార్సిలు ముడి కాదు. గోనె సంచి ముడి కాదు. హడావిడిలో ఉన్నవాళ్ళు వేసే ముడి అసలే కాదు. రెండు చెవులూ సమానంగా రావాలంటే రోజూ కట్టే అలవాటు ఉండాలి. గుడ్డకు నాడా కట్టేవాళ్ళు, రిబ్బను కట్టేవాళ్ళు వేసే ముడి ఇది. ఆడమనిషి ముడి. ఆ బడిలో ఎవరు దేనికి ఇలా కడతారో కళ్ళు తెరిచి చూడు. నీ కళ్ళు పుస్తకంలోంచి తీస్తే గాని ఏమీ కనపడదు నీకు.

పిల్లల చేత పిడి వేయిస్తున్నది కూడా ఆవిడే అయి ఉండాలి. పాటల పీరియడులో చెబుతూ ఉంటుంది. నీ నియమం పిల్లలే పాటించడం లేదని కమిటీకి తెలిస్తే ఇక నువ్వెందుకు? ఆలోచించినకొద్దీ ఆవిడ తెలివికి నాకు ముచ్చటేస్తోంది. మా ఆఫీసులో ఉంటే పైకొచ్చేది.

నవ్వు సంగతి బాగా రాశావు. ఊరికే నవ్వేవాళ్ళను నేను చూడలేదు.

పిన్ని


జూలై 26

పిన్నికి,

దొరికింది.

నిన్న బడి వదిలాక బీరువా తెరిచి చూశాను. హార్మోనియం మీద నీలం గుడ్డ కప్పి, నాలుగు మూలలా నాడాలు కట్టి ఉంది. నాలుగు ముడులు. రెండు చెవులు, రెండు తోకలు. సమానంగా.

బీరువా మూసేశాను. కోపం రాలేదు. నిజంగానే ఎవరో నాకు చెడు చేయాలనుకుంటున్నారని తెలియడం ఇంత చల్లగా ఉంటుందని నాకు తెలియదు.

ఈ ఉద్యోగం పోతే నేను మళ్ళీ లైబ్రరీలో కార్డులు సర్దాలి. అది చెడ్డ పని కాదు. కానీ ఇక్కడ పొద్దున్నే ఇంతమంది పిల్లలు ఒక్కసారి ఒక కన్ను మూసి చెయ్యి చాస్తారు. ఆ నిమిషం నాకు ఇంకెక్కడా దొరకదు. అది పోతుందేమోనని తప్ప ఇంకేదీ ఆలోచించలేకపోతున్నాను.

పెద్ద టీచరుకు చెప్పనా? ఎలా మొదలుపెట్టాలి?

అమ్మడు


జూలై 30

అమ్మడూ,

చెప్పు. కూర్చుని చెప్పకు, నిలబడి చెప్పు. కూర్చుంటే నువ్వు కాళ్ళు ముడుచుకుని తప్పు చేసినదానిలా కనిపిస్తావు. కమిటీ రాకముందే చెప్పు. వచ్చాక చెబితే ఓడిపోయి ఏడుస్తోందంటారు.

ఆఫీసులో నాకు రావలసిన కిటికీ పక్క సీటు ఎవరికి పోయిందో నీకు తెలుసు. నేను మర్యాదకు పోయి ఊరుకున్నాను. పన్నెండేళ్ళు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. నువ్వు ఆ మర్యాద చేయకు.

"పిన్ని చెప్పమంది" అని మాత్రం అనకు.

పిన్ని


ఆగస్టు 5

పిన్నికి,

నిలబడే చెప్పాను. పెద్ద టీచరు గారు హాజరుపట్టీల మీద సంతకాలు పెడుతూ విన్నారు.

"మీరు కళ్ళారా చూశారా?" అన్నారు.

"లేదండి."

"మరి?"

"ముడి చూశాను."

ఆవిడ కలం ఆపి నాకేసి చూశారు. నేను జేబురుమాలుతో కుర్చీ వెనక కమ్మీకి ఆ ముడి కట్టి చూపించాను. ఎందుకు అలా చేశానో నాకు తెలియదు. ఆవిడ ముడిని విప్పి, రుమాలు నాకిచ్చి, కమిటీ వచ్చే ముందు గొడవలు వద్దని, ఇకనుంచి రెండు తాళాలూ తన దగ్గరే ఉంటాయని, మొదటి గంటకు తనే వచ్చి తీస్తానని చెప్పారు.

ఆ మర్నాటినుంచి జగ్గు కదల్లేదు. ఇవాళ్టికి వరసగా మూడు బడి రోజులు. సుద్ద గీత ఎదురుగా పిడి. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

పాటల టీచరు ఏమీ అడగలేదు. పొద్దున్నే వరండాలో ఖాళీ చేతులతో నిలబడి, పెద్ద టీచరు వచ్చేదాకా చూస్తోంది. ప్రార్థన పాట పెట్టె లేకుండానే పాడిస్తోంది. నన్ను చూస్తే ఇప్పుడూ నవ్వుతుంది, కానీ ముందు నేను నవ్వుతానేమోనని ఒక్క క్షణం ఆగి నవ్వుతుంది. నేను కాగితాలు సర్దుకుంటూ వెళ్ళిపోతున్నాను.

పిల్లలు మాత్రం ఎందుకో డల్‌గా ఉన్నారు. వానల వల్ల కావచ్చు.

కమిటీ శుక్రవారం వస్తోంది.

అమ్మడు


ఆగస్టు 9

అమ్మడూ,

చూశావా. తాళం తీసుకోగానే జగ్గు బుద్ధిగా కూర్చుంది. నీ ఉత్తరం మా వాళ్ళకు చదివి వినిపించాను. గడియారం పెట్టె సంగతి మర్చిపోయారు, ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ముడి సంగతే. మా ఆఫీసు పెద్దాయన నన్ను డిటెక్టివు గారూ అని పిలుస్తున్నాడు.

ఇవాళే కమిటీ కదూ. ఇది నీకు అందేసరికి అయిపోయి ఉంటుంది. తల వంచుకోకుండా మాట్లాడి ఉంటావనుకుంటాను.

పిన్ని


ఆగస్టు 10

పిన్నికి,

నిన్న జరిగినది జరిగినట్టు రాస్తాను. మధ్యలో నా మాట ఏమీ రాయను.

కమిటీ వాళ్ళు ముగ్గురు. చేతికర్ర ఉన్న అధ్యక్షుడు, ఒక డాక్టరమ్మ, పెద్దగా మాట్లాడని ఇంకొకాయన. పెద్ద టీచరు వాళ్ళను గేటు దగ్గరనుంచే తీసుకొచ్చారు. తాళం ఆవిడ దగ్గరే ఉండిపోయింది. అందువల్ల ముందు చూసిన పాటల క్లాసు పెట్టె లేకుండానే జరిగింది. శ్రుతి ఇచ్చేది లేదు కదా, పిల్లలు మరీ పైకి ఎత్తుకున్నారు. రెండో చరణానికి గొంతులు అందలేదు. సగం మంది ఆగిపోయారు, సగం మంది నవ్వారు. పాటల టీచరు చేత్తో తాళం వేస్తూ చివరిదాకా ఒక్కతే పాడింది. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు.

తర్వాత నా గది తీశారు. పిల్లలు కూర్చున్నారు. నేను చెప్పవలసినది చెబుతున్నాను. గోడ మూల కుర్చీలో రెండు జడల పిల్ల పెన్సిలు కింద పెట్టేసి ఏడుస్తోంది. డాక్టరమ్మ వంగి ఎందుకని అడిగింది.

"నా వంతే మిగిలింది. పొద్దున్నే తలుపు తీయడం లేదు" అంది.

ఏం వంతని అడిగింది డాక్టరమ్మ.

"పిడి వంతు. రోజుకో వైపు తిప్పుకుంటాం. పొట్ట ఎటునుంచి చూసినా ఒకటే కదండీ. పిడి ఒక్కటే కావాలి. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఆరోజు పిడి వేసుకుంటారు. అందరిదీ అయ్యాక నాది. నేనే ఆఖరున ఉంటానన్నాను."

ఇంకో పిల్లవాడు లేచి, ఈజిప్టు వాళ్ళు మనిషిలో ఏదీ వదలకుండా వేశారని టీచర్ చెప్పారని, పిడి వదిలేస్తే జగ్గుకు పాపం కదా అని అన్నాడు. నాకు అప్పటికింకా అర్థం కాలేదు. నేను చెప్పిన నియమం ఏమైందని అడిగాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని నాకేసి తిరిగింది.

"మీరు కనిపించేదే గీయమన్నారు కదా టీచర్. అందుకే తిప్పాం."

కమిటీ వాళ్ళు నవ్వారు. మంచి నవ్వే. చేతికర్రాయన కాగితాలు ఒక్కొక్కటే తీసి, పిడి మీద వేలు పెట్టి, ఆ పిల్లలను కుర్చీల దగ్గరికి వెతుక్కుంటూ వెళ్ళి చూశాడు. నేను దారం గురించి అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. దారం కూడా మోడలేనని అనుకుని రెండు రోజులు ముట్టుకోలేదట. తర్వాత విప్పి, తిప్పి, మళ్ళీ బాగా కట్టారట. ఆ ముడి ఎవరు నేర్పారంటే పాటల టీచరు. హార్మోనియం గుడ్డ నాడాలు రోజూ వంతులవారీగా కట్టేది మూడో తరగతి పిల్లలే. వాళ్ళలో బూట్ల నాడా కట్టుకోవడం రానివాళ్ళు కూడా ఆవిడ దగ్గర ఆ ముడి నేర్చుకున్నారు. వంతులు అనే మాట కూడా అక్కడిదే కాబోలు.

డాక్టరమ్మ నా భుజం తట్టి, "ఇంత చిన్నపిల్లలకు ఇంత చక్కగా ఎలా నేర్పారండీ" అంది. నేను "థాంక్సండీ" అన్నాను.

వరండాలో పాటల టీచరు పిల్లల చేత చాపలు చుట్టిస్తోంది. తలుపు తెరిచే ఉంది. అంతా వినపడి ఉంటుంది.

సాయంత్రం పెద్ద టీచరు పిలిచి, వచ్చే ఏడాదికి బొమ్మలు ఉంటాయన్నారు.

అమ్మడు


ఆగస్టు 14

అమ్మడూ,

ఉద్యోగం నిలబడింది. ముందు ఆ మాట చెప్పుకుని సంతోషించు. నీ ఉత్తరం చదివితే ఎవరో పోయినట్టుంది.

నేను ముడి చూసి చెప్పాను, మనిషిని చూసి చెప్పలేదు. ముడి ఆవిడదే అన్నాను, ఆవిడదే అయింది. అది పిల్లల చేతుల్లోకి వెళ్ళిందని ఇక్కడ కూర్చున్న నాకెలా తెలుస్తుంది? ఆఫీసులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పెద్దాయన ఇంకా డిటెక్టివు గారూ అంటూనే ఉన్నాడు. పలుకుతున్నాను.

నా మాట విను. నువ్వు ఆవిడ మీద అబద్ధం చెప్పలేదు. అనుకున్నది చెప్పావు. తాళం తీసుకున్నది పెద్ద టీచరు. గేటు దగ్గర ఉండిపోయి తలుపు తీయడం మర్చిపోయింది కూడా పెద్ద టీచరే. కమిటీ రాసింది కమిటీ రాసింది. ఇప్పుడు నువ్వు వెళ్ళి తవ్వితే ఆవిడకు ఉద్యోగం వస్తుందో రాదో గాని నీది పోతుంది. పెట్టె ఉంటే ఆవిడ బాగానే పాడిస్తుందని నీకు మాత్రం ఎలా తెలుసు? ఈ ఏడాది అయ్యేదాకా ఓపిక పట్టు. ఆవిడ ఎక్కడో ఉంటుంది, నువ్వెక్కడో ఉంటావు. బడి వదిలితే ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన పని లేదు. నాలుగు రోజులైతే అన్నీ సర్దుకుంటాయి.

ఈ ఒక్కసారికి నోట్లో మాట నోట్లోనే ఉంచుకో. నీకు అలవాటే కదా.

పిన్ని


ఆగస్టు 19

పిన్నికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ మీద కోపం లేదు. నువ్వు ముడి గురించి చెప్పావు, నేనే మనిషిని వెతుక్కున్నాను.

శనివారం పెద్ద టీచరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి కూర్చున్నాను. నిలబడితే మళ్ళీ ఫిర్యాదు చేస్తున్నట్టు ఉంటుందనిపించింది.

"అయితే ముడి తప్పా?" అన్నారు.

"ముడి సరైనదేనండి. మనిషే తప్పు."

ఆవిడ కలానికి మూత పెట్టారు. కమిటీ రాసేసిందని, తిరగరాయమని అడగడం తన వల్ల కాదని చెప్పారు. శుక్రవారం పెట్టె బీరువాలో ఉండిపోవడానికి కారణం నేనని కమిటీకి నేనే చెబుతానన్నాను. పెట్టెతో ఆ క్లాసు మళ్ళీ వినాలని అడుగుతానన్నాను.

"విన్నాక వాళ్ళ మనసు మారితే పోయేది మీ ఉద్యోగం."

తెలుసునన్నాను. నిజానికి తెలుసునని అప్పుడే తెలిసింది.

అధ్యక్షుడి ఇంటికి ఆవిడే తీసుకెళ్ళారు. చేతికర్ర గోడకు ఆనించి ఉంది. మేము వెళ్ళేసరికి ఆయన బల్ల మీద కాఫీ కప్పును తిప్పుతూ కూర్చున్నాడు. పిడి ఇటూ అటూ తిప్పి, మనవరాలి చేత బొమ్మ గీయిస్తున్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. నేను చెప్పడం మొదలుపెట్టాక కప్పు వదిలేశాడు. చెప్పవలసినది పెద్ద వాక్యాలేమీ కాదు పిన్నీ, నాలుగు ముక్కలు. కానీ ఆయన ముఖంలో ఆ సంబరం పోవడం చూస్తూ చెప్పాలి. అదే కష్టమైంది.

చివరికి, "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు" అన్నాడు. మెచ్చుకోవడమో కాదో తెలియలేదు. గురువారం మళ్ళీ వస్తారట. ముందు పాటలు వింటారట, పెట్టెతో. ఆ తర్వాతే ఏది ఉంచాలో తేలుస్తారట. నాది ఉంటుందని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.

ఇవాళ పొద్దున పెద్ద టీచరు పాటల టీచరుకు తాళం తిరిగి ఇచ్చారు. కారణం చెప్పలేదు. అది మీరే చెప్పుకోవాలి అన్నారు నాతో. నేను గదిలోకి వెళ్ళేసరికి పిడి గోడ మూలవైపు ఉంది. రెండు జడల పిల్ల ఒక కన్ను మూసి, చెయ్యి చాచి కొలుస్తోంది. పీరియడంతా ఆ పిల్ల పిడి ఒక్కటే గీసింది. నేను వెనక నిలబడి చూశాను. సరిదిద్దవలసినది ఏమీ లేదు.

పాటల టీచరుకు ఇంకా చెప్పలేదు. మధ్యాహ్నం వరండాలో ఆవిడ నాడాలు కట్టిస్తుంటే దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తలెత్తి, పిల్లలు మీ గురించే చెబుతుంటారండీ అంది. నేను సుద్దముక్కలు ఉన్నాయా అని అడిగి, తీసుకుని వచ్చేశాను. నా దగ్గర డబ్బానిండా ఉన్నాయి.

నువ్వు దీనికి జవాబు రాసేలోపే చెప్పేస్తాను. గురువారం దాకా ఆగను. చెప్పకుండా ఉండడం నాకు అలవాటే అన్నావు. నిజమే. నీకు కూడా ఒక సంగతి చెప్పలేదు. మొదట అది రాయవలసినంత విషయం అనిపించలేదు. తర్వాత రాస్తే నువ్వు వెళ్ళి అడగమంటావేమోనని రాయలేదు.

పాటల టీచరు ఉండేది నేనుండే ఇంట్లోనే, పక్క గదిలో. మా ఇద్దరి మధ్య ఉన్నది చెక్క గోడ.

అమ్మడు